అరనూలు సంగ్రామం

సకల చెరకుక్షేత్ర పరివేష్టితమూ, బెల్లపుపాక పరిమళ బంధురమూ, షేర్ ఆటోల హారన్ల హోరుతో అష్టదిక్కులూ అదిరేదీ అయిన చోడవర మహాపట్టణంలో, మాఘ శుక్ల దశమీ గురువారం నాడు, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు చెరకు ట్రాక్టర్లు బారులు తీరి కదులుతున్న వేళ, దోసెల పర్వం ముగిసి టీల పర్వం మొదలైన పుణ్యఘడియలో, ఒక మహాసంగ్రామం జరిగింది. చరిత్రకారులెవరూ దాన్ని రాయలేదు. వాళ్లకి తీరిక దొరికి ఉండదు. నాకు దొరికింది కాబట్టి చెబుతాను, నిదానంగా వినండి, మధ్యలో ఫోన్లు చూసుకోకండి.

ఆ యుద్ధం రాజ్యం కోసం కాదు. రత్నకిరీటం కోసమూ కాదు. ఎవరి రాకుమారినీ ఎవరూ ఎత్తుకుపోలేదు. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే వచ్చే ఒక్కో భాగాన్ని మన వడ్రంగులు నూలు అంటారు. అందులో సగం అరనూలు. ఆ అరనూలు మందం కోసం, చతురంగబలాలు మోహరించగా, పురోహితుడు గడియలు లెక్కపెట్టగా, ఇరవై మంది బంధువులు ఇరవై రకాల సలహాలు కురిపించగా, ముప్పై నాలుగు నిమిషాల పాటు ఘోరంగా సాగిన పోరు ఇది.

ఇందులో నాయకుడెవరయ్యా అంటే, ఉలిధరుడు, బాడిసపాణి, చిత్రికా చక్రవర్తి, మూలమట్ట ధురంధరుడు, చోడవరం బస్టాండు వెనక రేకుల షెడ్డులో రంపపుపొట్టు సింహాసనం మీద నలభై నాలుగేళ్లుగా కొలువుదీరిన షరీఫుద్దీన్ మేస్త్రి. కర్రకొనను నాలుకలా చెక్కితే అది కుసి. ఆ కుసి దూరడానికి ఎదుటి కర్రలో తొలిచిన చదరపు రంధ్రం బెజ్జం. కుసి బెజ్జంలో బిగిసి కూర్చుందంటే ఇక ఆ రెండు కర్రలనూ విడదీయడానికి గొడ్డలి కావాలి. ఇది మేస్త్రి సిద్ధాంతం. ఆయన చేసిన ద్వారబంధాల్లో ఇనుము అన్న పదార్థం ఉండదు. ఎవరైనా మేకు ఊసెత్తితే ఆయన ఒకే మాట అంటాడు. "మేకు కొట్టిన గుమ్మం కుట్లేసిన మొగంలా ఉంటాది బాబూ. సూసినోడికి దెబ్బే కనపడతాది."

ఇంతటి మహావీరుడికీ ఒక కష్టం వచ్చింది. నిరుడు కుడికంటికి పొర తీయించుకున్నాడు. చూపు బాగానే వచ్చిందని డాక్టరు అన్నాడు గానీ, మేస్త్రికి ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. అప్పటినుంచీ ఒక్కసారి కొలవాల్సింది మూడుసార్లు కొలుస్తున్నాడు. గీత గీసి, దాన్ని వేలితో తడిమి, మళ్లీ గీస్తున్నాడు. ఇది ఎవరికీ తెలియదనుకున్నాడు. కొడుకు వాజిద్‌కి తెలుసు.

వాజిద్ అనకాపల్లిలో రెడీమేడ్ తలుపుల షాపు నడుపుతున్నాడు. ఆ తలుపులకు చెద పట్టదు, అవి నీళ్లకు ఉబ్బవు, వాటికి ప్రాణం కూడా లేదని తండ్రి అభిప్రాయం. కొడుకు మంచివాడు. తండ్రిని తెచ్చి షాపు కౌంటరు దగ్గర ఫ్యాను కింద కూర్చోబెట్టాలని రెండేళ్లుగా అడుగుతున్నాడు. కొడుకు చెడ్డవాడైతే ఎదిరించి కూర్చోవచ్చు, మంచివాడితోనే చిక్కు.

ఆ ఉదయం పెదబాబు కొత్తింటికి గుమ్మం నిలబెట్టడానికి బండి మీద వస్తూ, రావికమతం రోడ్డు మలుపు దగ్గర, వెనక కూర్చున్న తండ్రి ఉన్నట్టుండి కొడుకు భుజం మీద చెయ్యి వేసి భీషణ ప్రతిజ్ఞ చేశాడు.

"ఒరే వాజిద్. పెదబాబు గుమ్మం తేడా వచ్చిందంటే, రేపట్నుంచి షెడ్డు మూసేస్తాను. వచ్చి నీ షాపులో కూకుంటాను. నువ్వింక అడగక్కర్లేదు."

ఆకాశం నుంచి పూలవాన కురవలేదు. ఎదురుగా వస్తున్న లారీ హారన్ కొట్టింది. వాజిద్‌కి సంతోషం కలగాల్సిన మాట అది. ఎందుకోగానీ కలగలేదు.

ఇక రణరంగ వర్ణన. రోడ్డు పక్కన చెరకుతోటకు ఆనుకుని, పిల్లర్లు లేచి, గోడలు నడుము దాకా వచ్చి ఆగిన పెదబాబు గృహం. పెదబాబు ఆరెకరాల చెరకు రైతు, నెమ్మదస్తుడు, కంగారు పడితే మాత్రం ఒకే ప్రశ్న పదిసార్లు అడుగుతాడు. ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం ఉదయం తొమ్మిది నలభై ఎనిమిది నుంచి పది ఇరవై నాలుగు వరకు. ఆ తర్వాత మూఢం వస్తోంది. మూడు నెలల దాకా ముహూర్తాల్లేవు. గుమ్మం నిలబడకపోతే గోడ లేవదు, గోడ లేవకపోతే శ్లాబు పడదు, శ్లాబు పడకపోతే వానాకాలం కూడా ఆ కుటుంబం అద్దె ఇంట్లోనే. పురోహితుడు ఈ సంగతంతా నిలబడి వివరించి, ఫోన్‌లో గడియారం తెరిచి పీట మీద పెట్టాడు.

మద్దికర్ర గడప నవధాన్యాల మీద ఆసీనమైంది. టేకు ద్వారబంధం, రెండు నిలువు కర్రలూ పైన అడ్డకర్రా ముందే బిగిసి, ముందు రోజే షెడ్డు నుంచి వచ్చి, పక్కన పడుకుని ఉంది. చేయవలసింది ఒక్కటే. దాన్ని ఎత్తి, కింద ఉన్న రెండు కుసులనూ గడపలోని రెండు బెజ్జాల్లోకి దించడం. ముత్తయిదువులు అప్పటికే కర్రలన్నిటికీ పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. యుద్ధానికి బయలుదేరే ఏనుగుకు కూడా అంత అలంకారం ఉండదు.

"కానీండి" అన్నాడు పురోహితుడు.

నలుగురు వీరులు ద్వారబంధాన్ని ఎత్తారు. మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో దారి చూపాడు. ఎడమ కుసి, సాధుస్వభావం గలది, వినయంగా బెజ్జంలోకి జారి కూర్చుంది. కుడి కుసి బెజ్జం అంచు మీద ఆగింది. మేస్త్రి కొంచెం కదిపాడు. కదల్లేదు. కర్రసుత్తి అందుకుని, అడ్డచెక్క పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. ఆ ధ్వనికి చెరకుతోటలో కొంగలు లేచిపోయాయి. కుసి లేచిపోలేదు, దిగనూ లేదు. రెండో దెబ్బకి కాస్త దిగి, గోరంత లోతులో బిర్రుగా పట్టేసింది. ద్వారబంధం ఒక పక్కకు ఒరిగి, అలిగిన అల్లుడిలా నిలబడింది.

అంతే, సలహా సైన్యం విరుచుకుపడింది. బెజ్జానికి ఆముదం రాయమన్నాడొకడు. నలుగురూ ఎక్కి తొక్కితే అదే దిగుతుందన్నాడు ఇంకొకడు. విశాఖపట్నంలో తన బావమరిది ఇంటికి ఇలాగే జరిగితే సిమెంటుతో కప్పెట్టేశారని, ఎవరికీ తెలియలేదని మూడోవాడు గర్వంగా చెప్పాడు.

"ఏటైంది మేస్త్రీ?" అన్నాడు పెదబాబు. సమాధానం రాకముందే, "ఏటైందంట?" అని పక్కవాడిని అడిగాడు.

అప్పుడు వాజిద్ తండ్రి పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా మెల్లగా అన్నాడు. "అబ్బా, బండి డిక్కీలో డ్రిల్లు మిషను ఉన్నాది. ఆ పక్క పైకే ఉంచీసి, అడుగున చెక్కముక్క పెట్టి నాలుగు స్క్రూలు ఏసేద్దాం. పైన పాలిష్ కొడితే ఎవుడికీ తెలీదు."

"నాకు తెలుస్తాది కదరా" అన్నాడు మేస్త్రి.

ఆ మాట మామూలుగానే అన్నాడు. కానీ వేలు మళ్లీ ఆ కుసి అంచును తడిమింది. కొలిచింది తనే. గీత గీసింది తనే. మూడుసార్లు తడిమి చూసింది తనే. అయినా అరనూలు లావు మిగిలిపోయింది. కన్ను పోయిందన్నమాట. కన్ను పోతే చేతికి విలువ లేదు. నలభై నాలుగేళ్లలో ఒక్క కుసి కూడా ఆయన్ని ఇలా నలుగురిలో నిలబెట్టలేదు. అరవై రెండేళ్ల మనిషికి ఏడుపు వచ్చింది. మేస్త్రి దాన్ని మింగి, ద్వారబంధాన్ని పైకి లాగి పడుకోబెట్టమన్నాడు.

పడుకోబెట్టిన తర్వాత ఉలి తీసి, కుడి కుసి ఎదుట బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు ఆయన చేసిన ప్రసంగం, మహాయోధులు శత్రువు శిరసు ఖండించే ముందు చేసే ప్రసంగాల కోవలోకి వస్తుంది. గొంతు మాత్రం పక్కవాడికి వినపడేంత.

"ఒరే కర్రా. నిన్ను నర్సీపట్నం డిపోలో దుంగగా ఉన్నప్పుడు సూసేను. నీ మీద పిడికిలితో కొట్టి, నీ సప్పుడు ఇని, నువ్వు మంచిదానివని తెచ్చేను. రెండేళ్లు షెడ్డులో నీడన ఆరబెట్టేను. నా మంచం ఎండలో ఉన్నా నువ్వు నీడనే ఉన్నావు. ఎవుడు అడిగినా ఇవ్వలేదు. ఈ రోజు ఇంతమందిలో నువ్వు నన్నిలాగ సేస్తావా? సరే. తప్పు నీది కాదు, నాది. నా కన్నుది. అరనూలు నీ వొంట్లోంచి తీసేస్తాను. దాంతో పాటు నా ఉలి కూడా దింపేస్తాను. ఇద్దరికీ సెల్లు."

ఇలా పలికి, ఉలి ఆనించి, ఒక్క పొర తీశాడు.

పొర తీసి ఆగిపోయాడు.

ఎండిన టేకు మీద పదునైన ఉలి నడిస్తే పొర సన్నగా చుట్ట చుట్టుకుని లేస్తుంది. ఇది చుట్టుకోలేదు. తడిసిన కాగితంలా వేలికి అంటుకుంది. మేస్త్రి దాన్ని నలిపాడు. వాసన చూశాడు. నాలుక చివర పెట్టుకున్నాడు. ఇరవై మంది ఊపిరి బిగబట్టి చూస్తుండగా తలెత్తాడు.

"దీనికి నీళ్లెవరు పోసేరు?"

నలుగురు వీరులూ తమ చేతుల వంక చూసుకున్నారు.

"పైపైన పసుపు పూస్తే ఇంత లోపలికి దిగదు. ఈ కర్ర రాత్రంతా తాగింది. ఎవరో సెప్పండి. తిట్టను."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చూపులన్నీ ఒక దిక్కుకే మళ్లి, మళ్లినట్టు కనపడకుండా వెనక్కి వచ్చేశాయి. ఆ దిక్కున, కొత్త చీర కొంగు నిండుగా కప్పుకుని, పసుపు గిన్నె ఒళ్లో పెట్టుకుని, పెదబాబు తల్లి చిన్నమ్మి కూర్చుని ఉంది. ఈ ఇల్లు కట్టమని కొడుకు వెంట ఐదేళ్లు పడింది ఆవిడే. ఇప్పుడు నోరు విప్పితే, ముహూర్తం చెడగొట్టింది ఆవిడేనని బంధువులందరూ మూడు నెలలు కాదు, ముప్పై ఏళ్లు చెప్పుకుంటారు. విప్పకపోతే ఎవరికీ తెలియదు. మేస్త్రి అరనూలు చెక్కేస్తాడు, గుమ్మం లేస్తుంది, అక్షింతలు పడతాయి.

మహాయుద్ధాల్లో ధీరులు గుర్రం ఎక్కి ముందుకు ఉరుకుతారు. చిన్నమ్మి గిన్నె కింద పెట్టి, మోకాలి మీద చెయ్యి వేసుకుని, మెల్లగా లేచింది. నా మట్టుకు నాకు ఆ లేవడమే ఎక్కువ ధైర్యం అనిపిస్తుంది.

"నానే పోసేను తమ్ముడూ" అంది. "నిన్న సందెకాడ. లచ్మీదేవి వచ్చి కూకున్న కర్ర కదా, పైనొకటే తోమితే ఏటి బాగుంటాదని కుసికి కూడా తలంటినట్టు తోమేను. బెజ్జంలోన పసుపు ముద్ద పెట్టేను. తరవాత పసుపునీళ్లల్లో కొత్త గుడ్డ తడిపి కుసికి సుట్టేను. తెల్లారి ఇప్పేను. నాకేటి తెలుసు బాబూ, కర్ర నీళ్లు తాగుతాదని."

"మరి ఎడమ కుసి బాగానే దిగింది కదప్పా" అని అక్కను అడిగినట్టు మెత్తగా అడిగాడు మేస్త్రి.

చిన్నమ్మి తల దించుకుంది. "కుడేపు మొదలెట్టేను. ఎడమేపుకి వచ్చేసరికి పసుపు అయిపోనాది."

షరీఫుద్దీన్ మేస్త్రి ముఖంలో ఏమి జరిగిందో వర్ణించడానికి నా దగ్గరున్న సంస్కృత సమాసాలన్నీ చాలవు. రెండు కుసులూ ఒకే కొలత. పసుపు అందని కుసి వెన్నలా దిగింది. పసుపు తాగిన కుసి మాత్రమే ఆగింది. అంటే కొలత తప్పలేదు. గీత తప్పలేదు. కన్ను ఉంది. ముసలమ్మ కాళ్ల మీద పడి దండం పెట్టాలనిపించింది ఆయనకి. పెట్టలేదు గానీ, ఉలి పక్కన పెట్టేశాడు.

"ఇంకేటి, గబగబా సెక్కేయండి మేస్త్రీ" అన్నాడు పెదబాబు. "సెక్కేస్తే అయిపోద్ది కదా?"

"తడి మీద సెక్కితే సైత్రమాసం ఎండలకి కర్ర ఎండిపోయి కుసి వదులైపోతాది. మీ గుమ్మం గాలేస్తే గలగల్లాడతాది. తీసిన ఆ ఒక్క పొరా సాలు. ఇది లావవలేదు బాబూ, ఉబ్బింది. ఆరబెట్టాల."

"టైము తొమ్మిది యాభై తొమ్మిది" అని ప్రకటించాడు పురోహితుడు, ఎవరి పక్షమూ వహించని కాలపురుషుడి గొంతుతో.

ఇరవై అయిదు నిమిషాల్లో టేకును ఆరబెట్టే అస్త్రం ఏ గురుకులంలోనూ నేర్పలేదు. ఇస్త్రీపెట్టె అన్నారు, కర్ర కమిలిపోతుందన్నాడు మేస్త్రి. మంట అన్నారు, అన్నవాడిని పక్కవాళ్లే వెనక్కి లాగారు. అప్పుడు పెదబాబు ధర్మపత్ని, చోడవరం మెయిన్ రోడ్డులో బ్యూటీ పార్లరు నిర్వహిస్తూ పెళ్లికూతుళ్ల కేశపాశాలను గడగడలాడించే సంధ్యారాణి, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని స్కూటీ తాళం తీసింది.

"అత్తా, నువ్వేడకు. నాను వచ్చేస్తాను" అని ఒక్క మాట చెప్పి, చెరకు ట్రాక్టర్ల మధ్య నుంచి మెరుపులా దూసుకుపోయింది.

ఈలోగా చిన్నమ్మి ఊరుకుందనుకున్నారా? కొప్పులోంచి పిన్ను ఊడదీసి, గడప ముందు చతికిలబడి, బెజ్జం లోపల తానే కూరిన పసుపు ముద్దను తానే గీరుతోంది. కన్నీళ్లు బెజ్జంలో పడతాయని మేస్త్రి భయపడి, "అప్పా, మొగం అటు తిప్పుకో" అన్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే గీరింది.

పది గంటల ఎనిమిది నిమిషాలకు సంధ్యారాణి తిరిగి వచ్చింది. ఆమె కుడిచేత ధగధగా మెరిసేది, పవనుడికీ పావకుడికీ ఏకకాలంలో పుట్టినది, మూడు వేగాలు గలది, గులాబీరంగుది అయిన హెయిర్ డ్రయ్యరు. సభ హర్షించింది. వెంటనే నీరసించింది, ఎందుకంటే కరెంటు పాయింటు పక్కింటి గోడకు ఉంది, దీని తీగ జానెడు.

వాజిద్ లేచాడు. బండి డిక్కీ తెరిచి, స్క్రూలు వేయడానికని తెచ్చిన డ్రిల్లు మిషను పక్కన పడేసి, దాని పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు తీశాడు. పక్కింటి గోడ దాకా పరుగెత్తి ప్లగ్గు పెట్టి వచ్చాడు. వచ్చి, సంధ్యారాణి చేతిలోంచి డ్రయ్యరు తీసుకుని, తండ్రి ఎదురుగా కూర్చున్నాడు.

"ఎంత దూరంలో పట్టాల అబ్బా?"

"జానెడు. ఒకే సోట ఉంచకు, తిప్పతా ఉండు. మూలలకి ఎక్కువ."

యుద్ధభూమిలో ఘోష పుట్టింది. వేడిగాలి కుసి మీదికి ఉరికింది. పసుపు నీటి ఆవిరి లేచి, పెళ్లింటి వంటశాల వాసన కమ్ముకుంది. తండ్రి మధ్యమధ్య వేలితో కుసిని తడిమాడు, కొడుకు తండ్రి వేలు తగిలిన చోటికల్లా గాలి తిప్పాడు. పది పన్నెండు. పది పదిహేను. వాజిద్ చిన్నప్పుడు తండ్రి షెడ్డులోనే బొంగరాలు చెక్కించుకునేవాడు. తరవాత పదేళ్లుగా ఆ ఇద్దరూ ఒకే కర్ర మీద చేతులు పెట్టలేదు. పది పద్దెనిమిది. మేస్త్రి మూలమట్టం ఆనించి కొలత చూశాడు. ఒక్కసారే చూశాడు.

"సాలు. ఎత్తండి."

నలుగురు వీరులూ ఎత్తారు. ఎడమ కుసి యథాప్రకారం వినయంగా కూర్చుంది. కుడి కుసి బెజ్జం అంచుకు వచ్చి, కొంచెం తటపటాయించి, లోపలికి సగం దిగి ఆగింది. పురోహితుడు "పది ఇరవై ఒకటి" అన్నాడు. పెదబాబు కళ్లు మూసుకున్నాడు. మేస్త్రి అడ్డచెక్క పెట్టి, కర్రసుత్తి ఎత్తి, బలంగా కాదు, నిద్రపోయేవాడి తలుపు తట్టినట్టు, మూడు దెబ్బలు వేశాడు.

మూడో దెబ్బకి టక్ మని ఒక చప్పుడు వచ్చింది. వడ్రంగం తెలిసినవాడికి ఆ చప్పుడు చాలు. కర్ర కర్రతో రాజీపడినప్పుడు వచ్చేది అది. కుసి కూర్చుంది. ద్వారబంధం నిటారుగా లేచి నిలబడింది. అక్షింతలు వానలా కురిశాయి. ఒక ట్రాక్టరు డ్రైవరు ఏమీ తెలియకుండానే సరిగ్గా ఆ క్షణంలో హారన్ కొట్టి విజయశంఖం లోటు తీర్చాడు.

చిన్నమ్మి పసుపు గిన్నె పట్టుకుని దూరంగానే నిలబడింది. దగ్గరికి రావాలో వద్దో తెలియలేదు.

"రా అప్పా" అన్నాడు మేస్త్రి. "ఇప్పుడు రాయి. ఎంత రాస్తావో రాయి. లోపల కూకున్నాక ఉబ్బిందంటే ఇంకా బిగుసుకుంటాది. నీ పసుపు నాకు మంచిదే ఇప్పుడు."

ఆవిడ రాసింది. ఈసారి ఎడమ వైపు మొదలుపెట్టింది.

జనం భోజనాల వైపు కదిలాక వాజిద్ ఒక్కడే గుమ్మం దగ్గర ఆగాడు. అటూ ఇటూ చూసి, చొక్కా జేబులోంచి తన షాపు విజిటింగ్ కార్డు ఒకటి తీసి, కుసి బెజ్జంలో దిగిన చోట సందేమైనా ఉందేమోనని దూర్చబోయాడు. దూరలేదు. ఇంకొంచెం నొక్కాడు. కార్డు మూల మడత పడింది. వాజిద్ కార్డు జేబులో పెట్టుకున్నాడు.

వెనక నుంచి తండ్రి దగ్గు వినిపించింది. చూశాడో లేదో తెలియదు.

"అబ్బా" అన్నాడు వాజిద్, ఇటు తిరక్కుండానే. "రేపు షెడ్డు ఎన్నింటికి తీస్తావు?"

షరీఫుద్దీన్ మేస్త్రి ఉలిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

"ఎప్పట్లాగే. ఎనిమిదికి."

కావున, ఓ సమస్త చోడవర ప్రజలారా, ఆలకించండి. ఈ గాథ విన్నవారి తలుపులు వానాకాలం బిగుసుకోకుండునుగాక. చెప్పిన నాకు ఎవరైనా ఒక టీ ఇప్పింతురుగాక. ముప్పై నాలుగు నిమిషాల ఆ ఘోరసంగ్రామంలో, ఉలిధరుడూ బాడిసపాణీ మూలమట్ట ధురంధరుడూ అయిన షరీఫుద్దీన్ మేస్త్రి సాధించిన దిగ్విజయం ఇదీ. శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలకు, బస్టాండు వెనక, ఒక రేకుల షెడ్డు తెరుచుకుంటుంది.